కష్తీని వదలొద్దు

మా అమ్మీ లెక్కలో నీళ్ళు మూడు రకాలు. వుజూ చేసుకునే నీళ్ళు, తాగే నీళ్ళు, ప్రాణం తీసే నీళ్ళు. నాలుగో రకం ఒకటుందని ఆమెకు డెబ్బై రెండేళ్ళ వయసులో మా చిన్నది నేర్పింది. ఆ కథే ఇది. కథ సగం మా ఇంటిది, సగం హుస్సేన్ సాగర్‌ది.

పోయిన ఏడాది మా చిన్నది ఒక ఫారం పట్టుకొచ్చింది. సాగర్ ఒడ్డున పిల్లలకు రోయింగ్ నేర్పే చిన్న క్లబ్ ఒకటుంది. అందులో చేరడానికి వాలిదైన్ దస్తఖత్ కావాలట. దానికప్పుడు పదమూడేళ్ళు. ఫారం చేతిలోకి తీసుకుని "చూద్దాం బేటా" అన్నాను. మన ఇళ్ళల్లో "చూద్దాం" అంటే ఏమిటో మన పిల్లలకు తెలుసు. అది మర్యాదగా చెప్పే "లేదు". ఆ ఫారం మూడు వారాలు నా టేబుల్ మీద పాత పేపర్ల కింద పడి ఉంది.

ఇంట్లో ఎవరి అభ్యంతరం వారిది. మా బేగం, "ఆ గలీజ్ నీళ్ళల్లోనా? వాసనకే ట్యాంక్‌బండ్ మీద ముక్కు మూసుకుంటాం" అంది. అబ్బాకు రోయింగ్ అనే మాటతో పేచీ లేదు, క్లబ్ అనే మాటతోనే. ఆయన అబిడ్స్ గల్లీలో నలభై ఏళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. "క్లబ్బా? వహాఁ పత్తే ఖేల్తే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆయన దృష్టిలో క్లబ్ అంటే పేకముక్కలు, సిగరెట్ పొగ, అప్పులు. అమ్మీ మాత్రం వాదించలేదు. తస్బీ తిప్పుతూ ఒకే ప్రశ్న అడిగింది.

"పానీ మే కైకూ? జమీన్ కమ్ పడ్ గయీ క్యా?"

భూమి తక్కువైందా అనే ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నాదే. నాకు ఈత రాదు. నాంపల్లిలో పుట్టి, నాంపల్లిలో పెరిగి, నలభై ఐదేళ్ళొచ్చినా మోకాళ్ళు దాటిన నీళ్ళల్లో నేను నిలబడింది లేదు.

ఈ ఖౌఫ్ మాకు విరాసత్‌లో వచ్చింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు మా దాదీ వాళ్ళ అమ్మకు ఎనిమిదో, తొమ్మిదో ఏళ్ళు. వాళ్ళ ఇల్లు అఫ్జల్‌గంజ్ వైపు. ఆ సైలాబ్‌లో దాదాపు పదిహేను వేల మంది పోయారని అంటారు. రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ తన తల్లినీ, భార్యనీ, కూతురినీ ఆ నీళ్ళల్లోనే పోగొట్టుకున్నారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారు. మా దాదీ వాళ్ళ అమ్మ కూడా ఆ చెట్టు కొమ్మ పట్టుకునే బతికిందట. తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు కొట్టుకుపోయారు. ఆమె తర్వాత ఎప్పుడూ చింతపండు పులుసు తినలేదని దాదీ చెప్పేది. ఎందుకో అడిగే వయసు నాకప్పుడు లేదు.

ఆ సైలాబ్ వల్లే విశ్వేశ్వరయ్య గారు వచ్చారు, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ కట్టారు అని మనం స్కూల్లో చదువుకుంటాం. చెరువులు కట్టడం వల్ల నగరం కుదుటపడింది. మా ఇల్లు మాత్రం కుదుటపడలేదు. దాదీ నుంచి అమ్మీకి, అమ్మీ నుంచి మాకు ఒకటే తాలీమ్: నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు. చిన్నప్పుడు సెలవుల్లో తోటి పిల్లలు బావుల్లో ఈతకు పోతుంటే, మా ఇంటి మగపిల్లలం చబూత్రా మీద కూర్చుని క్యారమ్స్ ఆడేవాళ్ళం. మా క్లబ్ అదే. మెంబర్‌షిప్ ఫీజు లేదు, గేటు లేదు, వాచ్‌మన్ లేడు. నీళ్ళు కూడా లేవు.

రెండోసారి నీళ్ళు మా ఖాందాన్ గుమ్మంలోకే వచ్చాయి. 2020 అక్టోబర్ వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మా ఆపా వాళ్ళు టోలిచౌకిలో, నదీమ్ కాలనీలో ఉంటారు. ఆ రాత్రి మా చిన్నది అక్కడే ఉంది, ఆపా కూతుళ్ళతో ఆడుకోవడానికి వెళ్ళి. కింద అంతస్తు మునిగింది. ఫోన్లు ఆగిపోయాయి. రాత్రంతా అమ్మీ ముసల్లా మీద నుంచి లేవలేదు. నేను జర్నలిస్టుని, వరద వార్తలు రాయడం నా నౌక్రీ. ఆ రాత్రి నాకు ఒక్క వాక్యం రాయడానికి చేతులు ఆడలేదు.

మర్నాడు రబ్బరు పడవ వచ్చి వాళ్ళని మొదటి అంతస్తు మెట్ల మీద నుంచి ఎక్కించుకుంది. ఒడ్డున నేను చేతులు చాపి నిలబడ్డాను. ఆపా ఏడుస్తోంది, పిల్లలు వణుకుతున్నారు. మా చిన్నది మాత్రం తెడ్డు వేస్తున్న మనిషి చేతుల్నే చూస్తోంది. దానికప్పుడు తొమ్మిదేళ్ళు. దించి గుండెలకు హత్తుకోగానే నా చెవిలో అది అన్న మొదటి మాట, "అబ్బూ, ఆయన ఒకవైపు తోస్తే పడవ ఇంకోవైపు తిరుగుతోంది!"

అప్పుడు నవ్వొచ్చింది, మర్చిపోయాను. నాలుగేళ్ళ తర్వాత ఫారం తెచ్చినప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి మేమంతా నీళ్ళని చూశాం. అది పడవని చూసింది.

మూడు వారాలయ్యాక ఒక రాత్రి నేను డెస్క్ పని ముగించుకుని వచ్చేసరికి ఫారం నా కంచం పక్కన ఉంది. పాత పేపర్ల కింద నుంచి తీసి, దుమ్ము తుడిచి, పైన కలం పెట్టింది. ఏమీ అనలేదు. నేను దస్తఖత్ చేశాను. రెండు షరతులు పెట్టాను: ముందు ఈత నేర్చుకోవాలి, లైఫ్ జాకెట్ తీయకూడదు. మొదటిది క్లబ్ షరతే అని తర్వాత తెలిసింది. ఈత రాని పిల్లని అక్కడ పడవ ఎక్కనివ్వరు.

హుస్సేన్ సాగర్ పక్కనే బతుకుతూ దాని గురించి నాకెంత తక్కువ తెలుసో ఆ తర్వాత అర్థమైంది. 1562లో, ఇబ్రహీం కులీ కుతుబ్ షా జమానాలో, హజ్రత్ హుస్సేన్ షా వలీ ఈ తాలాబ్ కట్టించారు. కట్టించింది బాద్‌షా కాలంలో, పేరు మాత్రం బుజుర్గ్‌ది. షేక్‌పేటలో ఆయన దర్గాకి ఎన్నిసార్లో వెళ్ళాను. ఆయన తవ్వించిన నీళ్ళ మీద ఒక్కసారీ కాలు పెట్టలేదు. ఒకప్పుడు నగరానికి తాగునీళ్ళిచ్చిన తాలాబ్ ఇది. ఫ్యాక్టరీల మురుగు, నాలాల మురుగు కలిసి దాన్ని ముక్కు మూసుకునే తాలాబ్ చేశాయి.

మన తరం వాళ్ళకి సాగర్ అంటే రోడ్డు మీద నుంచి చూసే దృశ్యం. ట్యాంక్‌బండ్ మీద మొక్కజొన్న కంకి, దూరంగా బుద్ధుడి విగ్రహం. ఆ విగ్రహాన్ని 1990 మార్చిలో నీళ్ళ మీద తీసుకెళ్తుంటే బార్జ్ ఒరిగి మునిగిపోయింది. మనుషులు చనిపోయారు. రెండేళ్ళకు పైగా విగ్రహం నీళ్ళ అడుగునే ఉండి, 1992 డిసెంబర్‌లో లేచి నిలబడింది. ఆ వార్త చదివిన రోజు అమ్మీ, "చూశావా, రాతిని కూడా మింగింది" అన్నది నాకింకా గుర్తు.

అసలు ఈ తెడ్ల క్లబ్బులు మన దేశానికి ఎలా వచ్చాయో తెలుసుకోవాలనిపించింది. ప్రాక్టీస్ ఆదివారం కూడా ఉంటుంది. దాన్ని ఇంటి దగ్గర దించి నేను నేరుగా అబిడ్స్ ఫుట్‌పాత్‌కి పోతాను. ఆదివారం మూసి ఉన్న దుకాణాల ముందు పాత కితాబులు పరిచే ఆ బజార్ నా రెండో మద్రసా. ఉర్దూ మీడియం స్కూలు నుంచి వచ్చి తెలుగులో డిగ్రీ చేసినప్పుడు నా సిలబస్ పుస్తకాలన్నీ అక్కడ కొన్నవే. అక్కడే అట్టపోయిన ఒక ఇంగ్లీషు రోయింగ్ పుస్తకం దొరికింది. నలభై రూపాయలు. అమ్మే భాయ్, "సాబ్, ఇది మూడేళ్ళుగా నా దగ్గరుంది. మీకోసమే ఉన్నట్టుంది" అన్నాడు.

ఆ పుస్తకం, ఇంకా అక్కడా ఇక్కడా చదివింది కలిపితే తెలిసిందేమిటంటే, ఇంగ్లాండ్‌లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పిల్లలు 1829లో మొదటిసారి తెడ్ల పందెం వేసుకున్నారు. ఇంగ్లీషువాళ్ళు ఎక్కడికెళ్తే అక్కడికి ఆ ఆట వెళ్ళింది. కలకత్తా రోయింగ్ క్లబ్ 1858లో మొదలైంది. అంటే 1857 గదర్ జరిగిన మరుసటి ఏడాదే. ఇక్కడ ఢిల్లీ మసీదుల్లో నమాజ్‌కి ఇజాజత్ లేని రోజుల్లో అక్కడ దొరలు తెడ్లు వేస్తున్నారు. మద్రాస్ బోట్ క్లబ్ 1867, పుణేలో రాయల్ కన్నాట్ 1868. అవన్నీ చాలాకాలం దొరల జాగీర్లే. మన దగ్గర మూడో నిజాం సికందర్ జా పేరుమీద 1806లో సికింద్రాబాద్ ఏర్పడింది, కంటోన్మెంట్ పెరిగింది. సాగర్‌కి ఆ ఒడ్డున ఫౌజ్, ఈ ఒడ్డున మేము. ఈనాటికీ రాణీగంజ్ వైపు వెళ్ళే బస్సులో కండక్టర్ "బోట్స్ క్లబ్, బోట్స్ క్లబ్" అని అరుస్తాడు. ఆ స్టాప్‌లో లెక్కలేనన్నిసార్లు దిగాను. ఆ మాటలో పడవ ఉందని ఎప్పుడూ తట్టలేదు.

ఒక్కసారి మాత్రం రోయింగ్ నాకు ఎదురుపడింది. 2005లో ఆసియా రోయింగ్ ఛాంపియన్‌షిప్ మన హుస్సేన్ సాగర్‌లోనే జరిగింది. నేనప్పుడు కొత్త రిపోర్టర్‌ని. స్పోర్ట్స్ డెస్క్‌లో ఎవరూ ఖాళీ లేకపోతే నన్ను పంపారు. ఎనిమిది మంది తెడ్లు వేసే పొడుగు పడవ చూసి, "ఎనిమిది మంది కష్టపడుతుంటే తొమ్మిదో మనిషి హాయిగా కూర్చుని కబుర్లు చెబుతున్నాడు" అని రాశాను. నవ్వు తెప్పిద్దామని నా ప్రయత్నం. ఆ తొమ్మిదో మనిషిని కాక్స్ అంటారని, పడవలో ముందుకు చూసేది ఆయనొక్కడేనని, చుక్కాని ఆయన చేతిలోనే ఉంటుందని నాకు తెలియదు. ఇరవై ఏళ్ళ తర్వాత మా చిన్నది ఆ క్లిప్పింగ్ చదివి, "అబ్బూ, ఇది మా కోచ్ సాబ్‌కి చూపించొద్దు, ప్లీజ్" అంది.

ఇక క్లబ్ సంగతి. క్లబ్ అనగానే మీ కళ్ళ ముందు ఏదో బిల్డింగ్ కనిపిస్తుంది. మా అబిడ్స్‌కి కూతవేటు దూరంలోనే 1884 నాటి నిజాం క్లబ్ ఉంది, స్టేడియంలో ఫతే మైదాన్ క్లబ్ ఉంది. అలాంటి బార్, లాన్, వెయిటర్లు ఇక్కడ లేవు. ఒక రేకుల షెడ్డు, షెడ్డులో ఇనుప చట్రాల మీద బోర్లించిన పడవలు, గోడకు ఆనించిన తెడ్లు, ఒక జెట్టీ. తల్లిదండ్రులకు నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అంతే.

పడవ సంగతి తెలిస్తే క్లబ్ ఎందుకో అర్థమవుతుంది. ఒక్క మనిషి నడిపే పడవే దాదాపు ఎనిమిది మీటర్ల పొడవు. బరువు మాత్రం పద్నాలుగు కిలోలు. మన ఇంట్లో బియ్యం డబ్బా అంతకన్నా బరువుంటుంది. అంత పల్చటి, అంత నాజూకు వస్తువు కనుకే లక్షలు ఖరీదు చేస్తుంది. నా లాంటి వాడు కొనలేడు. కొన్నా పెట్టుకోవడానికి జాగా లేదు. ఎనిమిది మంది పడవ పొడవు పదిహేడు మీటర్ల పైన, మా గల్లీలో అది మలుపు కూడా తిరగదు. పడవ ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. వాడినవాళ్ళు కడిగి, తుడిచి, తర్వాతివాళ్ళకు అప్పగించాలి. మొదటి నెలంతా కోచ్ సాబ్ పిల్లలకు నేర్పింది ఆ మోయడం, కడగడమే. "ఇది అమానత్ అబ్బూ" అని మా చిన్నది చెప్పింది. ఆ మాట నేను దానికి వేరే సందర్భంలో, వేరే అర్థంలో చెప్పి ఉంటాను. అది తీసుకెళ్ళి పడవకి పెట్టింది.

ఫజర్ చదివి బయల్దేరితే నాంపల్లి స్టేషన్ ముందు ఆటోలు అప్పుడే కదులుతుంటాయి. పది, పదిహేను నిమిషాల్లో సాగర్ ఒడ్డు. పిల్లలు నీళ్ళ మీదికి పోగానే ఆ నాలుగు కుర్చీల దగ్గర మా మజ్లిస్ మొదలవుతుంది. ఒకాయన ఫౌజ్ నుంచి రిటైరైన సుబేదార్ సాబ్. ఒకాయన ఆటో నడుపుతారు, కొడుకుని దించి ఏడున్నరకు స్కూల్ పిల్లల ట్రిప్పుకి పోతారు. ఒకాయన గంగపుత్రులు, వాళ్ళ తాత ముత్తాతలు ఇదే సాగర్‌లో వల వేసినవాళ్ళు. ఒకమ్మ బ్యాంకులో పని చేస్తుంది, ప్రాక్టీస్ అయ్యేదాకా ఫోన్‌లో ఆఫీసు పని చేసుకుంటుంది. నేను నాంపల్లి నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెస్తాను, సుబేదార్ సాబ్ ఫ్లాస్కులో చాయ్ తెస్తారు. నలభై ఐదేళ్ళు ఇదే షహర్‌లో బతికాను. ఇలాంటి ఐదుగురు ఒక చోట కూర్చుని మాట్లాడుకునే జాగా నాకు ఇంకోటి దొరకలేదు. పెళ్ళిళ్ళకి పోతే మనవాళ్ళే, ఆఫీసుకి పోతే ఆఫీసువాళ్ళే.

మాటలు ఏముంటాయి? నీళ్ళ రంగు, గాలి దిక్కు, పరీక్షల తేదీలు, పిల్లల మోకాళ్ళు. గణేశ్ నిమజ్జనం రోజుల్లో ప్రాక్టీస్ బంద్, తర్వాత కొన్నాళ్ళు నీళ్ళల్లో కట్టెలు, ఇనుప చువ్వలు తేలుతాయి కనుక పడవలు దించరు. రంజాన్‌లో కోచ్ సాబ్ మా చిన్నదానికీ, మరో ఇద్దరు పిల్లలకూ నీళ్ళ మీద పని తగ్గించి, ఒడ్డున మెషీన్ మీద తేలిక కసరత్ ఇచ్చారు. అడిగింది మేము కాదు. సుబేదార్ సాబ్ వెళ్ళి చెప్పారు, "రోజాలో దాహమేస్తే తాగలేరు, ఎండ ముదరకముందే వదిలేయండి" అని. లిబాస్ గురించి మా బేగం చాలా ఫికర్ చేసింది. ఫుల్ చేతుల టీషర్టు, ట్రాక్ ప్యాంట్, బిగించి కట్టిన స్కార్ఫ్. కోచ్ సాబ్ అడిగింది ఒక్కటే, వేలాడే గుడ్డ ఏదీ ఉండకూడదు, తెడ్డులో చిక్కుకుంటుంది అని. మసలా అక్కడితో ఖతం.

గంగపుత్రుల ఆయన ఒకరోజు అన్న మాట నాకు బాగా తగిలింది. "మా నాయన నన్ను నీళ్ళల్లోకి రానియ్యలేదు సార్, చదువుకోమన్నడు. నా కొడుకు ఇప్పుడు ఆటకని నీళ్ళల్లోకి వచ్చిండు. మా నాయన ఉంటే నవ్వుతుండె." ఆయన ఇంట్లో నీళ్ళు రోటీ ఇచ్చాయి, అయినా వద్దన్నారు. మా ఇంట్లో ప్రాణాలు తీశాయి, అందుకే వద్దన్నాం. ఇద్దరి పిల్లలూ ఇప్పుడు ఒకే పడవలో ఉన్నారు.

నీళ్ళు చూడకుండా పెరిగినవాళ్ళకి ఈ ఆట ఎందుకు అనుకునేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఏషియన్ గేమ్స్ రోయింగ్‌లో మన దేశానికి మొదటి స్వర్ణం 2010లో గ్వాంగ్‌ఝౌలో వచ్చింది. తెచ్చింది బజరంగ్ లాల్ తాఖర్, రాజస్థాన్ ఫౌజీ. 2018లో పాలెంబాంగ్‌లో నలుగురి పడవకు స్వర్ణం వస్తే, అందులో ఒకరు దత్తు భోకనళ్. మహారాష్ట్రలో నీళ్ళ కరువున్న ఊళ్ళో, బావులు తవ్వే ఇంట్లో పుట్టి, ఫౌజ్‌లో చేరాక తెడ్డు పట్టినవాడు. ఆడవాళ్ళకి ఒలింపిక్స్‌లో రోయింగ్ దొరికిందే 1976లో. ఎవరూ దీన్ని తల్లి కడుపులోంచి నేర్చుకుని రాలేదు.

నా వృత్తి భాష కనుక నాకు ఇంకో తమాషా తట్టింది. ఉర్దూ స్కూల్లో చదివిన షాయిరీ అంతా గుర్తు చేసుకుంటే, కష్తీ ఎక్కినవాడు భద్రంగా ఒడ్డు చేరింది చాలా తక్కువ. తూఫాన్ వస్తుంది, భంవర్ వస్తుంది, నాఖుదా మోసం చేస్తాడు, సాహిల్ కనిపిస్తూనే మునిగిపోతాడు. తెలుగు డిగ్రీలో చదివిన పడవ పాటల్లో గోదావరి ఉంది, సరంగు ఉన్నాడు, ఎదురు చూసే పడుచు ఉంది. రెండు జబాన్లలోనూ తెల్లవారుజామున స్కార్ఫ్ బిగించి, తెడ్డు పట్టి, సమయానికి స్కూలుకి కూడా పోయే పిల్ల లేదు.

ఇంత రాశాక అందరూ అనుకునేది, అంతా బాగుంది అని. బాగుండని రోజు కూడా వచ్చింది.

డిసెంబర్‌లో ఒక ఉదయం. పొగమంచు పల్చబడుతోంది. మొదటిసారి దాన్ని ఒక్క మనిషి పడవలో పంపారు. కోచ్ సాబ్ మోటర్ బోటులో వెనకాలే ఉన్నారు. మేము చాయ్ తాగుతున్నాం. నేను చూస్తూనే ఉన్నాను. ఒక తెడ్డు నీళ్ళల్లో చిక్కినట్టయింది, పడవ ఒక పక్కకి ఒరిగింది, మరుక్షణం పడవ అడుగు భాగం పైకి వచ్చింది. మా పిల్ల కనిపించలేదు.

కప్పు ఎక్కడ పడేశానో తెలియదు. జెట్టీ చివరిదాకా పరుగెత్తాను. అక్కడ ఆగిపోయాను. నా కాళ్ళు ఆగిపోయాయి. కూతురు నీళ్ళల్లో ఉంది, బాప్ చెక్కల చివర నిలబడ్డాడు. దూకితే ఇద్దరం పోతాం, దూకకపోతే నేను ఏం బాప్‌ని? సుబేదార్ సాబ్ వెనక నుంచి నా భుజం గట్టిగా పట్టుకుని, "దేఖో, సర్ ఊపర్ హై" అన్నారు. తల పైకొచ్చింది. పడవ మీద చేతులు వేసి పట్టుకుంది. రెండు నిమిషాల్లో మోటర్ బోటు దాని పక్కనుంది. నాకు ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ అవలేదు.

వణుకుతూ ఒడ్డుకొచ్చింది. దుప్పటి కప్పారు. కోచ్ సాబ్ మామూలుగా, "బాగా చేశావు. రేపు మళ్ళీ" అన్నారు. నేను స్కూటర్ ఎక్కించుకుని దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. నాంపల్లి వచ్చాక మాత్రం చెప్పాను: "ఇక చాలు. దాదీకి చెప్పొద్దు. రేపటి నుంచి లేదు." అది ఏడవలేదు. "అబ్బూ, మీరు భయపడ్డారు. నేను భయపడలేదు" అంది. నిజం కాబట్టి నాకు కోపం వచ్చింది.

ఆ సాయంత్రం నేను ఆఫీసులో ఉండగా అది స్వయంగా వెళ్ళి అమ్మీకి మొత్తం చెప్పేసింది. నేను రాత్రి ఇంటికి వచ్చేసరికి ఇద్దరూ మేలుకునే ఉన్నారు. తుఫాను వస్తుందని గుమ్మంలోనే అర్థమైంది. అమ్మీ నన్ను కూర్చోమంది.

"పడవ బోర్లా పడితే ఏం చేయాలని నేర్పించారో చెప్పు నీ అబ్బూకి" అంది పిల్లతో.

"కష్తీని వదలొద్దని. ఒడ్డు ఎంత దగ్గరున్నా సరే, ఈదుకుంటూ పోవద్దు. పడవ మునగదు, తేలుతుంది. దాన్ని పట్టుకుని ఉండాలి. మనిషి వస్తాడు."

అమ్మీ చాలాసేపు తస్బీ గింజ ఒక్కటే పట్టుకుని కూర్చుంది. తర్వాత నెమ్మదిగా, "మీ దాదీ ఇదే చెప్పేది" అంది. "వాళ్ళమ్మకి వాళ్ళ చాచా చెట్టు మీద రాత్రంతా ఒకటే మాట చెప్పాడట. కొమ్మ వదలొద్దు, ఏది కనిపించినా వదలొద్దు, ఎవరు పిలిచినా వదలొద్దు. నీళ్ళల్లో వాళ్ళమ్మ గొంతు వినిపించినట్టే ఉండేదట. అయినా వదల్లేదు."

ఈ కథ ఇన్నేళ్ళుగా మా ఇంట్లో ఉంది. చెట్టు గురించి విన్నాం, పోయినవాళ్ళ గురించి విన్నాం. చాచా చెప్పిన ఈ మాట నేను వినడం అదే మొదటిసారి. అమ్మీ ఎందుకు దాచిందో తెలియదు. బహుశా తల్లి గొంతు అనే ముక్క పిల్లల ముందు చెప్పలేక. నీళ్ళ దగ్గరికి వెళ్ళొద్దు అన్నదొక్కటే మా దాకా వచ్చింది. నీళ్ళల్లో పడితే ఏం చేయాలన్నది మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. బతికించింది ఆ రెండోదే.

"కల్ లేకే జావ్" అంది అమ్మీ. రేపు తీసుకెళ్ళు. నేను ఏదో అనబోతే, "నక్కో బోలే తో నక్కో సునీ మై ఇత్తే సాల్. అబ్ తూ సున్" అంది. ఇన్నేళ్ళు నేను వద్దు అనే మాట విన్నాను, ఇప్పుడు నువ్వు విను అని.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం అమ్మీ తనే వచ్చింది. బురఖా మీద శాలువా కప్పుకుని, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. బ్యాంకు అమ్మ చాయ్ ఇచ్చింది. గంగపుత్రుల ఆయన "సలామ్ అమ్మా" అన్నారు. మా చిన్నది పడవలో కూర్చుని కదలగానే అమ్మీకి కంగారు పుట్టింది.

"అరే, ఉల్టా బైఠీ! వెనక్కి తిరిగి కూర్చుంటే ముందుకెలా పోతుంది? చెప్పండి ఎవరైనా!"

అందరూ నవ్వారు. రోయింగ్‌లో అంతే అమ్మీ, దాటి వచ్చింది కనిపిస్తుంది, పోయే దారి కనిపించదు, మధ్యమధ్యలో భుజం మీదుగా తిరిగి చూసుకుంటారు అని నేను నా నలభై రూపాయల పుస్తక జ్ఞానం చెప్పాను. అమ్మీ వినడం లేదు. పెదాలు కదులుతున్నాయి. ఏదో చదివి పిల్ల వెళ్ళిన దిక్కుగా ఊదింది. పడవ చిన్నదై, బుద్ధుడి వైపు పోయి, తిరిగి పెద్దదయ్యేదాకా రెప్ప వేయలేదు.

ఇది మెడల్ కథ కాదు. మా చిన్నది క్లబ్‌లో పిల్లలకు పెట్టిన 500 మీటర్ల పందెంలో నాలుగోది వచ్చింది, ఆరుగురిలో. రేపు పదో తరగతి, తర్వాత ఇంటర్. ఈ ఆట ఎన్నాళ్ళుంటుందో చెప్పలేను. ఇప్పుడు అబ్బా కూడా "మన క్లబ్ ఏమంటోంది?" అని అడుగుతారు. పత్తే సంగతి ఎత్తరు.

మీకొక మాట. మన ఇళ్ళల్లో, మూసీ ఒడ్డునా నాలాల పక్కనా లోతట్టు కాలనీల్లో, పడవ ఎప్పుడూ సైలాబ్‌తోనే వచ్చింది. వానలు మళ్ళీ వస్తాయి. పిల్లలకు ఈత నేర్పించండి, ఆడపిల్లలకు కూడా. చాలా ఈత కొలనుల్లో ఆడవాళ్ళకి వేరే వేళలుంటాయి, అడగండి. ఆటలో పెట్టినా పెట్టకపోయినా సరే. నీళ్ళంటే ఖౌఫ్ ఒక్కటే ఇచ్చి పంపకండి. ఆ కొమ్మ మాట కూడా ఇవ్వండి.

ఇక నా సంగతి. నలభై ఆరో ఏట ఈతలో చేరాను. నా బ్యాచ్‌లో ఎనిమిదేళ్ళ పిల్లలున్నారు. మొదటి రోజు వాళ్ళంతా టపటపా దూకేశారు. నేను మెట్టు మెట్టూ దిగి, నడుము లోతులో, రెండు చేతులతో అంచు పట్టుకుని నిలబడ్డాను. పక్కనున్న ఒక బుడ్డోడు నన్ను కాసేపు చూసి, "అంకుల్, వదిలేయండి, ఏం కాదు" అన్నాడు.

"ఆగు బేటా," అన్నాను. "మా ఖాందాన్‌లో అంత తొందరగా వదలరు."